ముందు చేరినవాడు ఆగాలి

(ఈ పాఠమునకు ముందు ఇంట్లో అందరూ కలిసి చదువవలసిన వాక్యభాగములు: యోహాను 20:1-10, 21:1-14)



పవిత్ర శనివారం ఉదయం గుడిలో పనికి అంతుండదు. ఒకరు పీఠము కడుగుతుంటారు, ఒకరు పాస్కా వత్తి నిలిపే స్తంభము తుడుస్తుంటారు, గాయక బృందము అల్లెలూయా పాట సాధన చేస్తుంటుంది. సరిగ్గా ఆ సమయంలో ఒక తల్లి కొంగుతో చేతులు తుడుచుకొంటూ వచ్చి అడుగుతుంది: “ఫాదర్‌గారూ, రేపు పిల్లలకేమైనా చేస్తున్నారా?”

అప్పుడు గుర్తుకు వస్తుంది. మట్టల ఊరేగింపునకు, పాదక్షాళనకు, సిలువమార్గమునకు, జాగరణకు అన్నీ సిద్ధము చేశాము, పిల్లలను మరిచాము. ఇళ్ళలోనూ అంతే. శనివారం సాయంత్రం బట్టలు ఇస్త్రీ చేస్తుండగా, రేపు చుట్టాల పిల్లలు, పక్కింటి పిల్లలు కలిపి పదిమందికి పైగా చేరుతారనీ, వారిలో మూడేళ్ళవాడి నుండి పదో తరగతి పరీక్షలు వ్రాసినవాడి వరకు ఉంటారనీ తల్లికి తడుతుంది. అటువంటి శనివారము కొరకే ఈ పాఠము.

ముందుగా ఒక ధైర్యపు మాట. మొదటి పాస్కా పండుగకు ఎవరూ ఏర్పాట్లు చేయలేదు. తెల్లవారకముందే బయలుదేరిన స్త్రీలు సిద్ధము చేసుకొన్న సుగంధ ద్రవ్యములు మృతదేహమునకు పూయుటకే గాని పండుగకు కాదు. ఆ ద్రవ్యములు కూడ చివరకు అవసరము కాలేదు. కనుక ఆలస్యమైనదని సిగ్గుపడనక్కరలేదు. ఆలస్యముకన్న పెద్ద లోపము మరొకటి ఉన్నది. దానిని నా తప్పు వలన నేర్చుకొన్నాను.

నా తప్పు

కొన్నేళ్ళ క్రితం ఒక విచారణలో ఇట్లే ఆఖరి నిమిషంలో పూనుకొని, 60 గుడ్లు ఉడికించి రంగులు వేయించి గుడి ఆవరణలో దాచిపెట్టించాను. పూజ కాగానే పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి ఈల వేశాను. ఎవరికి దొరికినవి వారివి అన్నాను. ఐదు నిమిషాలలో అంతా అయిపోయింది. పెద్ద పిల్లల చొక్కాలు గుడ్లతో ఉబ్బిపోయాయి. పదమూడేళ్ళ అబ్బాయి ఒక్కడే పదకొండు ఏరుకొన్నాడు. చిన్నవారిలో సగం మంది ఖాళీ చేతులతో నిలబడ్డారు. ఒక పాపకు కాలు కొంచెము అవిటి. ఆమె ఇంకా మామిడిచెట్టు దగ్గరికి చేరనేలేదు. ఆ పాపను తీసుకొని వెళ్ళిపోతూ వాళ్ళ అమ్మమ్మ నాతో మెల్లగా అన్నది: “మీ పండుగ పరుగెత్తేవాళ్ళకండీ, ఫాదర్‌గారూ.”

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పదకొండు గుడ్లు ఏరిన అబ్బాయి చెడ్డవాడు కాడు. నేను చెప్పిన ఆట అదే. అతడు దానిని బాగా ఆడాడు. తప్పు ఆటను పెట్టినవాడిది.

సమాధి దగ్గర జరిగిన పరుగు

పునరుత్థాన ఉదయమున కూడ ఒక పరుగు జరిగింది. మగ్దలా మరియమ్మ తెచ్చిన వార్త విని పేతురు, మరియొక శిష్యుడు కలిసి బయలుదేరారు. ఆ రెండవ శిష్యుడు యోహానని, వయసులో చిన్నవాడని మన సంప్రదాయము. అతడు పేతురును దాటి ముందుగా సమాధిని చేరాడు. వంగి చూశాడు, నార బట్టలు కనిపించాయి. కాని లోపలికి పోలేదు, ఆగాడు. రొప్పుకొంటూ వెనుక వచ్చిన పేతురు ముందుగా లోపల ప్రవేశించాడు. ఆ తరువాతనే యోహాను వెళ్ళి, చూచి, విశ్వసించాడు.

ముందు చేరినందువలన యోహానుకు నష్టము లేదు, ఆగినందువలన అంతకన్న నష్టము లేదు. వెనుకవాడి కొరకు ఆగగలిగిన బలమే అసలైన బలము. వేర్వేరు వయసుల పిల్లలను ఒకచోట చేర్చినప్పుడు మనము నేర్పవలసిన పాఠము ఇదొక్కటే. పండుగ ఏర్పాట్లన్నీ దీని చుట్టూ అల్లుకొంటే చాలు.

ఆట కూడ సుగుణమే

“పాస్కా పండుగ పూట ఆటలేమిటి?” అని కొందరు పెద్దలు అడుగుతారు. పునీత తోమా అక్వినాసు తన ‘సుమ్మా థియోలజియే’లో ఈ విషయమును చర్చించారు. రెండవ భాగము ద్వితీయార్ధములో 168వ ప్రశ్న అది. శరీరమునకు విశ్రాంతి ఎట్లాగో మనస్సునకు ఆట అట్లాగని ఆయన వివరణ. అక్కడ పునీత యోహానుగారి గురించిన ఒక పాత కథను కూడ చెప్పారు. శిష్యులతో యోహాను ఆడుకొనుట చూచి కొందరు నొచ్చుకొన్నారట. వారిలో ఒకని చేతిలో విల్లు చూచి, బాణము వేయమన్నాడు. మళ్ళీ మళ్ళీ వేయించి, ఇట్లా ఆగకుండా వేస్తూనే ఉండగలవా అని అడిగాడు. ఉంటే విల్లు విరుగుతుందని అతడు జవాబిచ్చాడు. మనస్సూ అంతేనని యోహాను చెప్పాడు.

అక్వినాసుగారు మూడు హద్దులు కూడ గీశారు. ఆటలో నీచమైనదిగాని హాని చేసేదిగాని ఉండరాదు. మనస్సు పూర్తిగా అదుపు తప్పరాదు. ఆట ఆడేవారికి, వేళకు, స్థలమునకు తగి ఉండాలి. ఈ మూడవ హద్దునే నేను ఆనాడు దాటాను. పదమూడేళ్ళవానికి తగిన ఆటను నాలుగేళ్ళ పాపమీద రుద్దాను.

శనివారము చేయవలసినవి

మొదట పిల్లల పేర్లు ఒక కాగితముపై వయసుతో సహా వ్రాయండి. తరువాత వయసులవారీగా విడదీయకండి. ఆరుగురు చొప్పున చిన్న చిన్న ‘కుటుంబాలు’ చేయండి: పద్నాలుగేళ్ళు దాటినవారు ఒకరు, తొమ్మిది నుండి పదమూడేళ్ళవారు ఇద్దరు, ఐదు నుండి ఎనిమిదేళ్ళవారు ఇద్దరు, అంతకన్న చిన్నది ఒకరు. లెక్క కొంచెము అటూ ఇటూ అయినా పరవాలేదు. ప్రతి కుటుంబానికి పునరుత్థాన వృత్తాంతములలోని ఒక పేరు పెట్టండి: మగ్దలా మరియమ్మ, పేతురు, యోహాను, తోమా, క్లెయోపా, సలోమి. ఆ పేరుగలవారు ఆ రోజులలో ఏమి చేశారో తెలిసికొని రమ్మని పెద్ద పిల్లలకు చెప్పండి.

పెద్ద పిల్లలను శనివారమే పిలిపించి పని ఇవ్వండి. పద్నాలుగు, పదిహేనేళ్ళవారిని ఆదివారము పిలిచి కుర్చీలాట ఆడమంటే రారు, గోడనానుకొని నిలబడతారు. కాగితములు కత్తిరించుట, గుడ్లకు రంగు వేయుట, బల్లలు సర్దుట, ఈల పట్టుకొనుట వారికి అప్పగించండి. బాధ్యత ఇస్తే వస్తారు. ఈ వయసులోనే పిల్లలు మెల్లగా గుడికి దూరమవుతారు. వారికి గుడిలో ఒక పని ఉన్నదని తెలియడము ఆ రోజు ఆటకన్న ముఖ్యము.

గుడ్ల సంగతి. పూర్వము తపఃకాలమంతా మాంసముతోపాటు గుడ్లు కూడ విసర్జించే నియమము ఉండేది. కోళ్ళు మాత్రము ఉపవాసము చేయవు కదా! పండుగనాటికి ఇంటినిండా గుడ్లే. వాటిని గుడికి తెచ్చి ఆశీర్వదింపజేసుకొనే వాడుక ఏర్పడింది. 1614లో వెలువడిన రోము కర్మకాండ గ్రంథములో పాస్కా గుడ్లకు ప్రత్యేక ఆశీర్వాదము ఉన్నది. గట్టిగా మూసియున్న పెంకును చీల్చుకొని జీవము వెలువడుతుంది గనుక గుడ్డు ఖాళీ సమాధికి గుర్తయింది. ఈ అర్థము పిల్లలకు చెప్పకుండా గుడ్డు పంచితే అది ఉత్త తిండి మాత్రమే.

రంగులు కొనవద్దు. ఉల్లిపాయ పొట్టు రెండు గుప్పెళ్ళు నీటిలో వేసి గుడ్లను పది పన్నెండు నిమిషాలు ఉడికిస్తే ఎర్రమట్టి రంగు వస్తుంది. పసుపు నీటిలో పసుపు రంగు, బీట్‌రూట్ ముక్కల నీటిలో గులాబి రంగు పడుతుంది. ఒక చెంచా నిమ్మరసము పిండితే రంగు బాగా అంటుకొంటుంది. తెల్ల గుడ్లయితే మేలు. రంగులు చల్లుకొనే పొడులు మాత్రము వాడవద్దు.

ఆదివారము ఆడవలసినవి

మన ప్రాంతములో పాస్కా పండుగనాటికి ఎండలు ముదురుతాయి. పూజ కాగానే మైదానములోకి తోలకండి. సాయంత్రము నాలుగున్నర తరువాత, చెట్టు నీడన, కుండ నిండా మంచినీళ్ళు పెట్టుకొని మొదలుపెట్టండి. గంటన్నర చాలు.

మొదటిది, సమాధి పరుగు. రెండు బల్లలపై దుప్పటి కప్పితే సమాధి అవుతుంది. లోపల ఒక తెల్లని బట్ట మడిచి పెట్టండి. ఒక పెద్ద, ఒక చిన్న జతగా పరుగెత్తాలి. పెద్దవాడు ముందు చేరినా గీత దగ్గర ఆగాలి. చిన్నవాడు వచ్చి, వంగి లోపలికి చూచి, “ఆయన ఇక్కడ లేడు!” అని అరిచిన తరువాతనే పెద్దవాడు గీత దాటాలి.

రెండవది, గుడ్ల వెతుకులాట. నిజమైన గుడ్లను ఎండలో దాచవద్దు, చెడిపోతాయి. అట్టతో కత్తిరించిన గుడ్లను దాచండి. ఉడికించినవి చివరలో వంటింటినుండి నేరుగా చేతికివ్వండి. ప్రతి కుటుంబమునకు ఒక రంగు, అందరికీ సమాన సంఖ్య. నియమము ఇది: నడిపిళ్ళు వెతుకుతారు, పెద్దవాడు నోటితో గుర్తులు మాత్రము చెప్తాడు, చేతితో తీసే అధికారము అందరికన్న చిన్నవారిదే. తమ గుడ్లు ముందుగా దొరికిన కుటుంబము కూర్చోరాదు. ఇంకా వెతుకుతున్నవారికి సాయము పోవాలి. అందరివీ దొరికినప్పుడే ఆట ముగుస్తుంది.

మూడవది, తిబేరియా వల. శిష్యుల వలలో 153 పెద్ద చేపలు పడినవని, అయినా వల చినగలేదని యోహాను వ్రాశారు. పాత క్యాలెండరు కాగితములతో చేపలు కత్తిరించండి. తొమ్మిది కుటుంబాలుంటే ఒక్కొక్కరికి 17 చొప్పున సరిగా 153 అవుతాయి. ఇంటిమట్టుకైతే ఆ 17 చాలు. చేపలను పాత చీరపై పోసి, కుటుంబమంతా అంచులు పట్టుకొని ఒక్క చేప జారకుండా అవతలి గట్టుకు చేర్చాలి. పెద్దవాడు తన ఎత్తున పట్టుకొంటే చేపలన్నీ చిన్నవాడి వైపు జారిపోతాయి. ఎవరూ చెప్పనక్కరలేదు, వాడే నడుము వంచుతాడు.

ఏ ఆటకూ బహుమతి పెట్టకండి. బహుమతి ఒకటి కనబడగానే పిల్లలు యోహానును మరిచిపోతారు.

చివరగా పంక్తి. ఉత్థాన క్రీస్తు ఒడ్డున నిప్పులపై చేపలు, రొట్టె సిద్ధముచేసి, అలసిన శిష్యులను తినుటకు పిలిచారు. మనకు పులిహోర, ఉడికిన గుడ్డు, అరటిపండు, మజ్జిగ చాలు. ఇంటికొక గిన్నె తెచ్చి అన్నీ ఒకేచోట పెట్టండి. ఎవరు ఏది తెచ్చారో తెలియకూడదు. పెద్ద పిల్లలు వడ్డించి చివరన తినాలి. కొత్త బట్టలు లేవని రానివారు ఉంటారు, ఈ ఏడాది ఇంట్లో మరణము జరిగినందున బయటికి రానివారు ఉంటారు. వారి ఇళ్ళకు శనివారమే పెద్దలెవరైనా స్వయముగా వెళ్ళి పిలవాలి. మరణము చూచిన ఇంటికే గదా పునరుత్థానము ఎక్కువ అవసరము. పక్కింటి హైందవ, మహమ్మదీయ పిల్లలు వస్తే వారినీ ఏదో ఒక కుటుంబములో చేర్చుకోండి.

ఆదివారము వీలు కాకపోతే

చింతించకండి. తిరుసభ పాస్కా పండుగను ఒక్క రోజుతో ముగించదు. ఎనిమిది రోజుల అష్టాహమంతా ఒకే పండుగ. పెంతెకోస్తు వరకు 50 రోజులు పాస్కా కాలమే. రెండవ ఆదివారమును 2000 సంవత్సరములో జగద్గురువులు రెండవ జాన్ పాల్‌గారు దైవ కారుణ్య ఆదివారముగా ప్రకటించారు. ఆ ఆదివారపు సువార్త తోమా గురించినదే. అందరితో పాటు లేని ఒక్కడి కొరకు ప్రభువు ఎనిమిది రోజుల తరువాత మళ్ళీ వచ్చారు. ఆలస్యమైనవారికి అంతకన్న తగిన రోజు ఏది?

నా తప్పు జరిగిన మరుసటి ఏడాది, పదకొండు గుడ్లు ఏరిన ఆ అబ్బాయిని ఒక కుటుంబమునకు పెద్దను చేశాను. కాలు అవిటి పాపను అతని గుంపులో వేశాను. ఏమి చేయాలో నేను చెప్పలేదు. ఈల వేయగానే అతడు ఆమెను భుజాలపై ఎక్కించుకొని పరుగెత్తాడు. సమాధి దగ్గర గీతకు ఇవతల ఆగి, ఆమెను దించి, ముందు నువ్వు చూడు అన్నాడు. వాళ్ళ అమ్మమ్మ ఆ రోజు చివరిదాకా ఉండి మజ్జిగ పోసింది.

ఇంట్లో మాట్లాడుకొనుటకు ప్రశ్నలు

1. యోహాను ముందుగా చేరి కూడ ఎందుకు ఆగి ఉంటాడు? పిల్లలనే చెప్పనివ్వండి.

2. మన ఇంట్లో అందరికన్న వెనుక నడిచేవారు ఎవరు? వారి కొరకు ఎవరు ఆగుతున్నారు?

3. ఈ పండుగకు మనము పిలవడము మరిచిన ఇల్లు ఏది?

ప్రార్థన

ఉత్థాన ప్రభువా, అలసిన శిష్యులకు నీవే వడ్డించావు. మా పిల్లలలో వడిగలవారికి ఆగే మనస్సును, మెల్లగా నడిచేవారికి చేరుకొనే ధైర్యమును దయచేయుము. నీ పండుగలో ఏ బిడ్డా ఖాళీ చేతులతో ఇంటికి పోకుండునట్లు మాకు మెలకువను ప్రసాదించుము. ఆమెన్.