మన నోటి ఇంగ్లీషు: ఉచ్చారణ భేదములు, పొరపాటుపడు పదములు

ఇంగ్లీషు మాటాడునపుడు బందరు బాలుడు గుడివాడ బాలుని జూచియు, వారిద్దరును దివిసీమ బాలుని జూచియు నవ్వుట మా తరగతులలో చిరకాలముగ నున్నదే. నాగాయలంకనుండియో కోడూరునుండియో క్రొత్తగ వచ్చిన పిల్లవాడు మొదటి వారమున ఒక మాట వింతగ పలుకును. తరగతి యంతయు నవ్వును. ఆ పిమ్మట సంవత్సరాంతమువరకు వాడు నోరు విప్పడు. వ్రాత పరీక్షలో వానికి మార్కులు చక్కగనే వచ్చును గాని నోట ఇంగ్లీషు రాదు. ఈ నష్టము చిన్నది కాదు. కావున ఊరకుండదగిన దేది, దిద్దదగిన దేది యని విడదీసి చూపుటకు ఈ వ్యాసమున యత్నించుచున్నాము.

మనవారు ఇంగ్లీషు పదములలో చేయు మార్పులు పెక్కు అజాగ్రత్తవలన కలిగినవి కావు. బాలుడు తనకు తెలియకయే మాతృభాషా నియమములను ఇంగ్లీషునకు తగిలించుచున్నాడు. తెలుగు పదము సాధారణముగ అచ్చుతో ముగియును. అందుచే హల్లుతో ముగియు ఇంగ్లీషు పదమునకు మనము ఒక అచ్చును చేర్చి బుక్కు, బస్సు, పెన్ను, కలెక్టరు అందుము. మరి బెంచి, చర్చి, మార్చి, బ్రిడ్జి, కాలేజి అనువానికి ఉకారము రాక ఇకారమేల వచ్చెను? చకార జకారములు తాలవ్యములు, ఇకారమును తాలవ్యమే. నాలుక తానున్న చోటనుండి సులువుగ పలుకగల అచ్చునే ఎన్నుకొన్నది. ఈ సూత్రమును మన పెద్దల కెవరును బోధింపలేదు. అయినను బందరులో బండి తోలువాడును, దివిసీమలో వల వేయువాడును దానిని పాటించుచునే యున్నారు. ఇట్టిదానిని జూచి నవ్వువాడు వ్యాకరణమును జూచి నవ్వుచున్నాడు.

మరియొక నియమము ఇంతకంటె చిక్కు తెచ్చునది. తెలుగున పదాదియందలి ఇ, ఎ లకు ముందు యకారమును, ఒ, ఓ లకు ముందు వకారమును వచ్చుచు పోవుచుండును. ఎవరు, యెవరు; ఒకటి, వొకటి. మన చెవికి ఈ రెండును ఒకటే. బందరులోని వలందపాలెమే ఇందుకు సాక్షి. 1611లో ఆంగ్లేయ వర్తకులు ఈ రేవున దిగుటకు మునుపే హాలండు దేశీయులు వచ్చియుండిరి. ఒలందా అను వారి పేరునకు మనవారు వకారమును చేర్చి వలందులనిరి. ఎన్నికలు వచ్చినపుడు వోట్ అను పదమునందున్న వకారమును తీసివేసి ఓటు అనిరి. చేర్చిన నోరే తీసివేసినది! గుడివాడకు సమీపముననున్న నిమ్మకూరున 1923లో జన్మించి, చలనచిత్ర నటుడై, పిమ్మట ముఖ్యమంత్రి యైన రామారావుగారి పొడి అక్షరములను సినిమా ప్రకటనలలో యన్. టి. అని అచ్చువేసెడివారు. వెనుకటి ఎస్. ఎస్. ఎల్. సి. పరీక్షను పెద్దలు యస్. యస్. యల్. సి. అని వ్రాసెడివారు. ఇందు హాని యేమియు లేదు. దానిని వేరొక పరీక్ష యని ఎవరును భ్రమపడలేదు.

రెండు ఇంగ్లీషు పదములు మన నోట ఒకటై పోయినచోటనే హాని ఆరంభమగును. చెవికి ఇంగ్లీషున ఇయర్ అని పేరు. సంవత్సరమునకు యియర్ అని పేరు. మన బాలుడు రెంటిని ఒకే విధముగ పలికి, విన్నపుడును భేదము గుర్తింపక, ఉక్తలేఖనమున సంవత్సరమునకు చెవిని వ్రాయును. తూర్పునకును, రొట్టెను పులియబెట్టు యీస్టునకును ఇదే గతి. సంవత్సరమను మాట పలుకునపుడు నాలుక నడిమి భాగమును అంగిటికి చేర్చి, యకారమును క్షణకాలము నిలిపి, అచ్చునకు రావలెను. చెవి యను మాటకు కంఠధ్వని నేరుగ అచ్చుతోనే మొదలు కావలెను. ఈ అభ్యాసమును పది దినములు చేసినచో చెవియు బాగుపడును.

వీ, డబ్ల్యూ అక్షరముల భేదము ఇట్టిదే. మన వకారము ఆ రెంటికి నడుమ నుండును. వీ ధ్వనికి పై పండ్లు క్రింది పెదవిని తాకవలెను. డబ్ల్యూ ధ్వనికి పండ్ల పనియే లేదు, పెదవులు గుండ్రముగ ముడువవలెను. పడమటి దిక్కును, లోపల తొడుగుకొను బనియనును వేరుచేయునది ఈ పండ్ల తాకిడి యొక్కటే. చేతి అద్దము నొకదానిని ముందుంచుకొనిన చాలును.

పల్లెలలో స్కూలును ఇస్కూలనియు, స్టేషనును ఇస్టేషననియు అందురు. ముందు వచ్చిన ఇకారము సంయుక్తాక్షరమును పలుకుటకు వేసికొన్న మెట్టు. ఇదియు సామాన్యముగ హాని చేయదు గాని, స్టేటు, ఎస్టేటు అను పదములయొద్ద జాగ్రత్త వలయును. మొదటిది రాష్ట్రము, రెండవది జమీ. దివిసీమవారికి చల్లపల్లి ఎస్టేటు పేరు నేటికిని పరిచితమే. 1948 నాటి మద్రాసు చట్టముచే ఎస్టేట్లు రద్దయ్యెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర స్టేటు ఏర్పడెను. చరిత్ర ప్రశ్నకు జవాబు వ్రాయువాడు ఈ రెంటిని కలిపివేసిన, రద్దయినదానిని స్థాపించును, స్థాపించినదానిని రద్దుచేయును.

ఇక తెలుగున స్థిరపడిన ఇంగ్లీషు పదములే కొన్ని మనలను మోసగించును. దరఖాస్తు ఫారము, కోళ్ల ఫారము అని రెండింటికిని మనము ఒకే మాట వాడుదుము. ఇంగ్లీషున మొదటిదానికి ఓ అక్షరము, రెండవదానికి ఏ అక్షరము. 'ఫారము జతచేయుచున్నాను' అని వ్రాయబోయి తోటనే జతచేసినవాని అర్జీని మేము చూచితిమి. ఫకారము పలుకలేనివారి నోట కాఫీయు కాపీయు ఒకటే యగును; కాపీ త్రాగువాడును కాపీ కొట్టువాడును ఒకే మాటలో దాగుదురు. చొక్కా వదులుగ నున్నపుడు లూజైనదని అందుము. కాని ఇంగ్లీషున వదులునకు లూస్ అని సకారమే. దానికి రెండు ఓ అక్షరములు. ఒక ఓ అక్షరముతో వ్రాసి జెడ్ ధ్వనితో పలుకునది పోగొట్టుకొనుట. తెలుగు లూజును నమ్మినవాడు ఈ రెంటిని తారుమారు చేయక తప్పదు. జెడ్ ధ్వని మన జకారము కాదు. సకారమువలె గాలిని పోనిచ్చుచు కంఠమును మ్రోగింపవలెను. కంఠముపై రెండు వ్రేళ్లుంచి చూచిన మ్రోత తెలియును. సలహా యను అర్థమున అడ్వైస్ నామవాచకము, తుద సకారము. అడ్వైజ్ క్రియ, తుద జెడ్. నామవాచకపు తుదను ఐస్, అనగా మంచుగడ్డ, యున్నదనియు, మంచుగడ్డ వస్తువు గనుక అది నామవాచకమనియు మేము జ్ఞాపకము చెప్పుచుందుము.

ప్రధానమను అర్థమిచ్చు ప్రిన్సిపల్, సూత్రమను అర్థమిచ్చు ప్రిన్సిపుల్ అనువానిని ఇంగ్లండువారును ఒకేరీతిని పలుకుదురు. అచట చెవి సాయపడదు, కన్నే సాయపడవలెను.

అయితే ఎవరి ఇంగ్లీషు సరియైనది? నోబిల్ దొర 1843లో బందరున పాఠశాల తెరచినపుడు విద్యార్థులు విన్నది ఇంగ్లండు పలుకు. కృష్ణకు ఆవలి ప్రక్క గుంటూరున అంతకు ముందటి యేడు దిగిన లూథరను మిషనరీలది అమెరికా సంఘము. మొదటివారికి జెడ్ అయిన అక్షరము రెండవవారికి జీ. షెడ్యూల్ అని ఒకరు, స్కెడ్యూల్ అని ఒకరు. దక్షిణ ఇంగ్లండువారు అచ్చు పిమ్మట వచ్చు రేఫమును పలుకరు. స్కాట్లండువారును, అమెరికావారిలో పెక్కుమందియు పలుకుదురు, మనమును పలుకుదుము. మన డాక్టరు, కాలేజి అను మాటలలోని ఆకారము లండను చెవికంటె అమెరికా చెవికే దగ్గర. పరీక్ష ప్యాసయినాడని అందుము, క్లాసులో కూర్చుండినాడని అందుము. ఈ రెంటికిని దక్షిణ ఇంగ్లండున ఒకే దీర్ఘము. ఉత్తర ఇంగ్లండునను అమెరికాలోను రెంటికిని మన ప్యాసులోని అచ్చే. రెంటిని చెరియొక రీతిగ పలుకునది మనమే! శిక్షణ కళాశాలలలో ప్రమాణముగ చూపు డేనియల్ జోన్సు నిఘంటువు 1917లో వెలువడినది. అది దక్షిణ ఇంగ్లండునందలి విద్యావంతుల పలుకుబడిని చూపుచున్నది. అది చక్కని కొలబద్ద. దానికి సరిపడని ప్రతి పలుకును తప్పని కొట్టివేయుట మాత్రము మాకు సమ్మతము కాదు. మచిలీపట్నమును మసూలిపటమనియు, ఏలూరును ఎల్లోరనియు, కృష్ణను కిస్ట్నా యనియు పలికిన దొరలను జూచి ఏ తరగతియు నవ్వలేదు.

కడపట, సంఖ్యలను గూర్చి ఒక మాట. గుడివాడనుండి ఫోనులో ధాన్యపు బస్తాలు అడిగినవాడు ఫిఫ్టీన్ అనెనో ఫిఫ్టీ అనెనో తెలియక నష్టపడుట కలదు. పదునైదును ఒంటరిగ పలుకునపుడు రెండవ అక్షరముపై ఒత్తు పడవలెను. ఏబదికి ఎప్పుడును మొదటి అక్షరముపైననే. చిక్కేమన, పదునైదు బస్తాలు అని వెంటనే మరియొక మాట చేరినపుడు ఇంగ్లండువారును ఒత్తును మొదటి అక్షరమునకే జరుపుదురు. అప్పుడు చివరి నకారమే దిక్కు. అదియు వినబడనిచో వన్ ఫైవ్ అనియో, ఫైవ్ జీరో అనియో అంకెలు విడదీసి మరల అడుగవలెను. 13, 30 మొదలు 19, 90 వరకు ఇట్టి జతలు ఏడు గలవు. ప్రతి సోమవారము ఉక్తలేఖనమునకు ముందు వీనిని వరుస తప్పించి చదివి, విద్యార్థులచే అంకెలలో వ్రాయించుచున్నాము.