తల్లిలేని గొర్రెపిల్లలు – పచ్చికలోని పురుగుల ముప్పు

2019వ సంవత్సరపు పశుగణనలో తెలంగాణమున 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశమున 1 కోటి 76 లక్షలు గొర్రెలు లెక్కకు వచ్చినవి. దేశమునందు మొదటి రెండు స్థానములును తెలుగు రాష్ట్రములవే. 2017 జూన్ నెలలో తెలంగాణ ప్రభుత్వము ఆరంభించిన పథకము క్రింద గొల్ల, కురుమ కుటుంబములకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీపై ఇచ్చిరి. ఈ సంపద నిలుచుట పిల్లలు బ్రతుకుటపై ఆధారపడి యున్నది. మందలో ముందుగా దెబ్బతినునది తల్లిని కోల్పోయిన పిల్ల.

దీనికి కారణ మేమి? పాలు సమృద్ధిగా దొరకు పిల్ల మొదటి వారములలో గడ్డిని కొద్దిగానే కొఱుకును. పాలు కరవైన పిల్ల ఆకలికి తాళలేక గడ్డిపై పడును. గడ్డితోపాటు పురుగులును కడుపులోనికి పోవును.

వీనిలో ముఖ్యమైనది హీమాంకస్ అను పురుగు. ఇది గొర్రె నాలుగవ కడుపున చేరి నెత్తురు పీల్చును. వేయి పురుగులున్నచో దినమునకు 50 మిల్లీలీటర్ల రక్తము పోవచ్చును. ఆడ పురుగు పెట్టు వేలకొలది గ్రుడ్లు పెంటికలతో నేల చేరును. వానకాలపు తేమలో అవి వారము దినములకు పిల్లపురుగులై తడిగడ్డిపైకి ప్రాకును. కడుపు చేరిన మూడు వారములకు అవియు గ్రుడ్లు పెట్టును.

కనురెప్పల లోపలి ఎఱుపు పాలిపోవుట, దవడ క్రింద నీరు దిగుట, పిల్ల మందకు వెనుకబడుట దీని గుర్తులు. ఈ పురుగు వలన తఱచుగా పాఱుడు కలుగదు. కావున పెంటికలు గట్టిగా నున్నవని ఏమరరాదు.

మొదటి రక్షణ పాలే. పుట్టిన రెండు గంటలలోపల, అప్పుడే ఈనిన వేఱొక గొర్రె ముఱ్ఱుపాలు పట్టవలెను. పిదప పిల్ల పోయిన గొర్రెకు అలవాటు చేయవలెను. కానిచో మేకపాలు గోరువెచ్చగా, కొంచెము కొంచెముగా, దినమునకు నాలుగైదు మార్లు పట్టవలెను. మేత మరగునపుడు అవిశ, సుబాబుల్, తుమ్మ రెమ్మలను దొడ్డిలో ఎత్తుగా కట్టవలెను. గడ్డిలోని పురుగు చెట్టెక్కలేదు. మంచు ఆరకముందు పిల్లలను బయటికి తోలరాదు. చెరువు అంచుల చిత్తడి నేలలో నత్తల మూలమున జలగవ్యాధియు సోకును.

మందు చివరి మాట. పశువైద్యునిచే పెంటికలను పరీక్ష చేయించి, పిల్లను తూచి, బరువునకు తగిన మోతాదు త్రాగింపవలెను. కంటి అంచనాతో తక్కువ పోసినచో గట్టి పురుగులు మిగిలి మందునకు లొంగని సంతతిని పెంచును.

పంచాయతీ సభ్యులారా! పశుపోషణము రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెప్పబడిన విషయము. తొలకరికి ముందు ఊరి మందలన్నిటికి ఒకే దినమున మందు త్రాగించు ఏర్పాటు చేయుడు. మేతబీడులో మెఱకగా నున్న ఒక భాగమును కొన్ని వారములు విడిచి, పిల్లలకే కేటాయింపుడు. బురదగుంట చెంత నీటితొట్టి కట్టింపుడు. ఒక్కొక్క కాపరి తన పిల్లను కాపాడుకొనగలడు. ఊరుమ్మడి బీడును శుభ్రముగా నుంచుట ఊరంతయు కలిసిననే సాధ్యము.