తొమ్మిది శాతం లెక్క ఎలా వేస్తారు?

ప్రశ్న: మాది కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్. బాబు పదో తరగతి. వాళ్ల హైస్కూల్లో ర్యాంకులు ప్రకటించరు. కానీ స్కూల్లో మొదటి తొమ్మిది శాతంలో ఉంటేనే యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో) సీటని అందరూ అంటున్నారు. మొన్న కెమిస్ట్రీలో ఏ మైనస్ వచ్చినప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. వచ్చే ఏడాది ఐదు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు తీసుకోవాలని, బ్యాండు మానేయాలని మావారు పట్టుబడుతున్నారు. బాబేమో ట్రంపెట్ వదలనని ఏడుస్తున్నాడు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి

జవాబు: ముందు ఆ కెమిస్ట్రీ దిగులు మానండమ్మా. యూసీ ప్లస్సులు, మైనస్సులు చూడదు. ఏ అయినా ఏ మైనస్ అయినా నాలుగు పాయింట్లే.

ఒక్క పరీక్షతో తేలే ర్యాంకు కాదిది. తొమ్మిదో తరగతి అయ్యాక వచ్చే వేసవి నుంచి పదకొండు అయ్యాక వచ్చే వేసవి దాకా చదివిన 'ఏ-జీ' కోర్సుల గ్రేడ్లే లెక్కకొస్తాయి. చరిత్ర, ఇంగ్లిష్, గణితం, సైన్స్, మరో భాష, కళలు, కాలేజీ స్థాయికి సిద్ధం చేసే ఎలెక్టివ్ అని ఏ నుంచి జీ దాకా ఏడు విభాగాలు. పీఈలో (వ్యాయామ విద్యలో) ఎంత బాగా చేసినా ఇందులో కలవదు. తొమ్మిదో తరగతి గ్రేడ్లు జీపీఏలోకి, అంటే గ్రేడ్ల సగటులోకి, రావు కానీ, ఆ కోర్సుల్లో కనీసం సి ఉండాలి.

ఏపీ, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియెట్), యూసీ గుర్తించిన ఆనర్స్ కోర్సుల్లో సి లేదా అంతకంటే మంచి గ్రేడు వస్తే సెమిస్టరుకు ఒక పాయింటు అదనం. ఇది ఎనిమిది సెమిస్టర్లకు మించదు, అందులోనూ పదో తరగతివి నాలుగు దాటవు. ఏపీ పరీక్ష స్కోరుకూ ఈ పాయింటుకూ సంబంధం లేదు.

మీ బాబుకు రెండేళ్లలో 20 సెమిస్టరు గ్రేడ్లు ఉన్నాయనుకోండి. 16 ఏలకు 64, 4 బీలకు 12, మొత్తం 76. అదనపు పాయింట్లు ఎనిమిదీ వస్తే 84. ఇరవైతో భాగిస్తే 4.2. ఇంకో మూడు ఏపీలు చేర్చినా ఆ ఎనిమిది తొమ్మిది కాదు.

ఇలా వచ్చిన జీపీఏను బట్టే మీ స్కూల్లో మొదటి తొమ్మిది శాతంలో ఉన్నాడో లేదో యూసీయే తేలుస్తుంది. ఉంటే, దరఖాస్తు చేసిన క్యాంపస్ ఏదీ తీసుకోకపోయినా ఖాళీ ఉన్న మరో క్యాంపస్‌లో చోటిస్తారు. బర్క్లీలోనో లాస్ ఏంజెలిస్‌లోనో సీటు ఖాయమని మాత్రం కాదు. అలాగే, తొమ్మిది శాతంలో లేకపోతే తలుపులు మూసుకుపోయినట్టూ కాదు.

కోర్సులు ఎంత కష్టమైనవో క్యాంపస్‌లు విడిగా చూస్తాయి, నిజమే. అందుకని బాబుకు ఇష్టమైన సబ్జెక్టుల్లో ఏపీ తీసుకోనివ్వండి. లెక్క కోసమని ఐదు నెత్తిన వేస్తే ఏలు బీలవుతాయి, నిద్ర కరువవుతుంది. పదిహేనేళ్ల పిల్లాడికి అది అన్యాయం.

చాలా స్కూళ్లలో బ్యాండు కూడా కళల విభాగం కింద యూసీ ఆమోదం పొందిన కోర్సే. ప్రతి స్కూలుకూ ఈ ఏ-జీ జాబితా ఆన్‌లైన్‌లో ఉంటుంది. మీవారినీ బాబునీ పక్కన కూర్చోబెట్టుకుని అది చూడండి, తర్వాత ముగ్గురూ కలిసి కౌన్సిలర్‌ను కలవండి. ఈలోగా ట్రంపెట్ మాత్రం మానిపించకండి.