యాసంగి పైర్లకు ఊరి మురుగునీరు

భద్రాచలం వైపు అడవి అంచు పల్లెల్లో వాగులు కార్తీకం దాటాక సన్నబడి, మాఘం నాటికి చాలాచోట్ల చెలమలుగా మిగులుతాయి. ఊరి సైడు కాలువ మాత్రం ఎండల్లోనూ ఆగదు. మిషన్ భగీరథ కింద గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల నల్లా నీరు ఇవ్వాలన్నది లెక్క కాగా, అందులో ఐదింట నాలుగు వంతులు వాడకం తరువాత బయటికి వస్తాయనుకుంటే 500 మంది ఉన్న గూడెం నుంచి రోజుకు 40,000 లీటర్లు దిగువ పొలాలకు దిగుతాయి. ఎకరానికి అంగుళం తడి పెట్టడానికి లక్ష లీటర్ల పైచిలుకు కావాలి కనుక, రెండున్నర రోజులకొక తడి యాసంగిలో వదులుకోదగినది కాదు.

అయితే ఈ నీటిని ఉన్నదున్నట్టుగా మడిలోకి తిప్పడం తగదు. స్నానాల, వంటింటి నీటితోపాటు సెప్టిక్ ట్యాంకుల పొర్లునీరూ కాలువలోనే కలుస్తున్నందున, అందులో ఏలికపాముల గుడ్లు, కొంకిపురుగుల పిల్లదశలు చేరుతాయి. కొంకిపురుగు అరికాలి చర్మం గుండా ఒంట్లోకి పోతుంది గనుక పచ్చి మురుగు నిలిచిన మడిలో వట్టి కాళ్లతో నాటు వేసే కూలీలే ముందు నష్టపోతారు. పచ్చిగా తినే పంటలకు వాడే శుద్ధినీటిలో లీటరుకు ఒక పురుగు గుడ్డుకు మించి ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే సూచించింది.

చిన్న ఊరికి కరెంటు, యంత్రాలు అక్కరలేని ఉపాయం స్థిరీకరణ కుంట, అంటే మురుగును కొన్నాళ్లు నిలిపి ఎండతో, నాచుతో, సూక్ష్మజీవులతో శుద్ధి చేయించే లోతు తక్కువ కుంట. పగటిపూట నాచు వదిలే ప్రాణవాయువుతో సూక్ష్మజీవులు మలినాన్ని కుళ్లబెడతాయి, బరువైన పురుగు గుడ్లు అడుగుకు చేరతాయి, ఎండ తగిలి రోగకారక క్రిములు తగ్గుతాయి. పైన చెప్పిన గూడేనికి మీటరున్నర లోతుతో నాలుగు గుంటల కుంట ఉంటే నీరు పదిహేను రోజులు నిలుస్తుంది. దాని పక్కన మీటరు లోతున రెండు గుంటల రెండో కుంట తవ్వితే మరో ఐదు రోజులు దొరుకుతాయి. గుర్రపుడెక్క కమ్ముకుంటే ఎండ లోపలికి దిగక కుంట చెడుతుంది గనుక దాన్ని ఎప్పటికప్పుడు లాగేయాలి.

స్థలం విషయంలో తొందర పనికిరాదు. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరిందని మరిచి ఒడ్డు పల్లంలో కుంట తవ్వితే, వరద వచ్చినప్పుడు అందులోని మురికి అంతా ఇళ్లలోకే తిరిగి వస్తుంది. అటవీ హక్కుల చట్టం గ్రామ అవసరాలకు హెక్టారులోపు అడవి భూమిని ఇవ్వదగిన 13 పనులను పేర్కొన్నా, చెరువులు, తాగునీటి పైపులు ఆ జాబితాలో ఉన్నాయి గాని మురుగు కుంట లేదు; కాబట్టి పంచాయతీ భూమినో, ఇష్టపడి ఇచ్చే పట్టా భూమినో చూడటమే మేలు.

కుంట నీటిని పశుగ్రాసానికి, జామాయిల్, సుబాబుల్ తోటలకు, మొదలు దగ్గర పారించే పద్ధతిలో పత్తికి వాడవచ్చు. కొత్తిమీర, పాలకూర, టమాటలకు వాడకపోవడమే క్షేమం. మిరపలో బోదెల గుండా పారించి, కోతకు ముందు ఈ నీరు ఆపాలి. కాయలు నేలపైనే పరిచి ఎండబెట్టే కళ్లాన్ని కాలువకు ఎగువనే ఏర్పరచాలి. లీటరుకు 30 మిల్లీగ్రాముల నత్రజని ఉన్న నీరైతే ఒక తడికి ఎకరంలో మూడు కిలోలు చేరుతుంది. ఏడు తడులంటే 45 కిలోల యూరియా బస్తా అంత. కుంటలో నిలిచాక కొంత తగ్గుతుందనుకున్నా, ఆ మేరకు ఎరువు తగ్గించకపోతే మిరప ఆకుమీదికి పోయి తామరపురుగుకు మేతవుతుంది, వరి పడిపోతుంది. ఎరువు ఖర్చు మిగిలిందని రైతు సంబరపడేలోపే మందుల ఖర్చు ఎదురవుతుంది.

ఏజెన్సీ మండలాల్లో గ్రామసభ మాటకు చట్టం బలమిస్తున్నది కనుక, నారుమళ్లు పోయకముందే సభలో కుంట స్థలం తీర్మానించుకుని, సెప్టిక్ ట్యాంకుల పైపులను కాలువ నుంచి తప్పించి ఇంకుడు గుంతలకు మళ్లించాలి; ఆ గుంతలు మాత్రం బోరుకు తగినంత దూరంలో ఉండాలి.