ప్రాణమున్న కానుక

పాఠ్యభాగ ఉద్దేశం: మూగజీవాన్ని కానుకగా ఇచ్చే ముందు ఆలోచించవలసిన విషయాలను తెలుసుకోవడం, భూతదయను బాధ్యతతో జోడించి గ్రహించడం.

పుట్టినరోజుకు ఏమి కావాలని అడిగితే "కుక్కపిల్ల కావాలి" అని కోరే పిల్లలు అనేకులు. ఆ కోరికలో దోషం లేదు. పశుపక్ష్యాదులతో మానవుని మైత్రి అనాదిగా వస్తున్నదే. మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు, తనను అనుసరించి వచ్చిన శునకాన్ని విడిచి స్వర్గానికి రాలేనన్నాడు. ఆశ్రయించిన ప్రాణిని విడువరాదన్నది ఆయన నమ్మిన ధర్మం. పిల్లలకు ప్రాణిని కానుకగా ఇవ్వదలచిన పెద్దలు ముందుగా స్మరించవలసినది ఈ ధర్మాన్నే.

బొమ్మ మీద మోజు తీరితే అటక మీద పెట్టవచ్చు. ప్రాణిని అలా పెట్టలేము. కుక్క సాధారణంగా 10 నుండి 13 సంవత్సరాలు జీవిస్తుంది. ఎనిమిదేళ్ల బాలునికి నేడు ఇచ్చిన కుక్కపిల్ల, అతడు ఇంటర్మీడియట్ పరీక్షలు వ్రాసే నాటికి వార్ధక్యానికి చేరువవుతుంది. అతడు చదువు కోసం హాస్టలుకు వెళితే దానికి అన్నం పెట్టేదెవరు? వీధిలో తిప్పేదెవరు? తరచుగా ఆ భారం తల్లి మీదనో, నాయనమ్మ మీదనో పడుతుంది. కనుక కోరేది పిల్లవాడైనా, అంగీకరించవలసినది ఇంటిల్లిపాది. ముచ్చట తీరాక, ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

ఆరోగ్య విషయాలు కూడా ముఖ్యమైనవే. కుక్కపిల్లకు సుమారు ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో టీకాలు ప్రారంభించాలి. మూడు నెలల వయస్సులో రేబిస్ టీకా వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయించాలి. పెంపుడు కుక్కే కదా అని కాటును గాని, గోటి గాయాన్ని గాని ఉపేక్షించరాదు. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటిలో పదిహేను నిమిషాలు కడిగి వైద్యుని వద్దకు వెళ్లాలి. పిల్లలు ప్రేమతో పెట్టే చాక్లెట్, ద్రాక్షపండ్లు, ఉల్లిపాయ కుక్కకు విషతుల్యాలు.

కొన్ని ప్రాణులను కానుకగా ఇవ్వనే రాదు. రామచిలుక, నక్షత్ర తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం.

అయితే పిల్లల కోరికను తోసిపుచ్చడమే మార్గమా? కాదు. మూగజీవాన్ని సాకే పిల్లవాడు మాటలు రాని ప్రాణి ఆకలిని, భయాన్ని గుర్తించడం నేర్చుకుంటాడు. ముందుగా అతనికి చిన్న బాధ్యత అప్పగించాలి. రోజూ పెరటిలో పక్షులకు నీళ్లు పెట్టమనాలి. రెండు నెలలు ఎవరూ గుర్తు చేయకుండా ఆ పని చేస్తే అతని కోరికలో నిలకడ ఉన్నట్లే. అప్పుడు కూడా ఇంట్లో చోటు, తీరిక, ఆదాయం చూసుకొని నిర్ణయించాలి. ఇవి చాలకపోతే కారణం చెప్పి "ఇప్పుడు కాదు" అనడమే ఉచితం. ఆ మాటకు పిల్లవాడు ఒకనాడు ఏడ్వవచ్చు. తొందరపడి తెచ్చిన ప్రాణి మాత్రం బ్రతికినన్నాళ్లూ దుఃఖిస్తుంది.

అర్థాలు
శునకం = కుక్క
వార్ధక్యం = ముసలితనం
ఉపేక్షించు = పట్టించుకోకుండా ఉండు
విషతుల్యం = విషంతో సమానమైనది

ప్రశ్నలు
1. ధర్మరాజు వృత్తాంతం ద్వారా రచయిత ఏమి బోధించాడు?
2. ప్రాణిని కానుకగా ఇచ్చే ముందు పరిశీలించవలసిన అంశాలను వివరించండి.
3. మీ తమ్ముడు గాని, చెల్లెలు గాని కుక్కపిల్లను కోరితే మీరు ఏమి సలహా ఇస్తారు?