వంశాన్ని దాచే పని

పశువైద్యుడిగా నా ఉద్యోగం ఆంబోతుల వీర్య కేంద్రంలో మొదలైంది. తర్వాత చాలా ఏళ్లు కోతుల వీర్యాన్ని సేకరించి, గడ్డకట్టించి దాచే పనిలో గడిచాయి. ఈ పనిలోకి రాబోయే పిల్లల కోసం కొన్ని మాటలు రాస్తున్నాను.

1. ఆంబోతు దగ్గర నేర్చిన విద్య కోతి దగ్గర చాలదు.

ఆంబోతు వీర్యం ద్రవంగానే ఉంటుంది. రీసస్ కోతిది మాత్రం బయటికి రాగానే గడ్డకడుతుంది. చింపాంజీలోనైతే అది బిరడాలా గట్టిపడుతుంది. ఒకే ఆడదానితో పలు మగవి జతకట్టే జాతుల్లో ఈ గుణం ఎక్కువ. ఒకే మగది ఏలే గొరిల్లా గుంపుల్లో ఇది బాగా తక్కువ. చింపాంజీ వృషణాలు దాదాపు 120 గ్రాములు తూగితే, అంతకంటే కొన్ని రెట్లు భారీ శరీరమున్న గొరిల్లావి 30 గ్రాములే. ఈ జీవశాస్త్రం తెలుసుకోకముందు నేను ఆ గడ్డను పట్టకారుతో చిదిమేవాణ్ణి. దెబ్బతిన్న శుక్రకణాలే మిగిలేవి. 37 డిగ్రీల వేడిలో అరగంట కదపకుండా ఉంచితే ద్రవం దానంతటదే ఊరుతుంది. దాన్ని మాత్రమే తీసుకోవాలి. ఓర్పు లేక నేను పాడుచేసిన మచ్చులు ఇప్పటికీ నన్ను బాధిస్తాయి.

2. జంతువు కాలాన్ని బట్టే మన పని సాగాలి.

ఉత్తర భారతంలో రీసస్ కోతులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జతకడతాయి. వేసవిలో మగవాటి వృషణాలు చిన్నబడతాయి, కణాలు తగ్గిపోతాయి. మార్చిలోగా నిధులు ఖర్చు కావాలని, లెక్కలు చూపాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది. ఆ ఒత్తిడికి లొంగి అకాలంలో జంతువుకు మత్తు ఇవ్వకండి. మత్తులో ఉన్న కోతికి పురీషనాళంలో ప్రోబ్ పెట్టి స్వల్పంగా విద్యుత్ ప్రేరణ ఇస్తాం. కణాలు రాలేదని వోల్టేజి పెంచితే వచ్చేది మూత్రమే, అది మచ్చును చంపుతుంది. ఆ రోజుకు ఆపేయడం చేతకానితనం కాదు. వీలున్నచోట శిక్షణతో జంతువును మచ్చిక చేసుకోండి. నా దృష్టిలో అదే ఉత్తమ పద్ధతి.

3. కాపాడే మందుకూ మోతాదు ఉంది.

గ్లిజరాల్ శుక్రకణాలను గడ్డకట్టే చలి నుంచి కాపాడుతుందని 1949లో పోల్జ్, స్మిత్, పార్క్స్ చూపారు. కానీ మోతాదు మించితే అదే విషం. గుడ్డు పచ్చసొన కలిపిన ద్రావణంలో మెల్లగా చల్లార్చి, నైట్రోజన్ ఆవిరిలో ఉంచి, ఆపైనే మైనస్ 196 డిగ్రీల ద్రవంలో ముంచాలి. ఒకే జాతిలోనూ ఒక మగదానికి కుదిరిన పద్ధతి మరోదానికి కుదరకపోవచ్చు.

4. కణం కదిలిందంటే గర్భం నిలిచిందని కాదు.

వీర్యాన్ని గడ్డకట్టించి దాచిన స్ట్రాను (సన్నని గొట్టాన్ని) కరిగించాక కణాలు చురుగ్గా ఈదుతుంటే మాకు పండగలా ఉండేది. కానీ రీసస్ కణాలు పరీక్షనాళికలో అండాన్ని ఫలదీకరించాలంటే కెఫీన్, సైక్లిక్ ఏఎంపీ వంటి ప్రేరకాలు కావాలి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1983లో రీసస్ పిల్ల పరీక్షనాళిక ఫలదీకరణతో పుట్టింది, 1995లో సిన్సినాటి జూలో గొరిల్లా పిల్ల కూడా అదే పద్ధతిలో పుట్టింది. మన హైదరాబాద్‌లోని అంతరించిపోతున్న జాతుల పరిరక్షణ ప్రయోగశాల లాకోన్స్‌లో 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల దుప్పి పిల్ల పుట్టినప్పుడు నేను పొందిన ఆనందం మాటల్లో చెప్పలేను. లెక్కలోకి వచ్చేది పుట్టిన పిల్లే.

5. కళ్లద్దాలు పెట్టుకోకుండా బోను దగ్గరికి వెళ్లకండి.

రీసస్ వంటి మకాక్ కోతులు మనుషులకు ప్రాణాంతకమైన బి వైరస్‌ను మోస్తాయి. 1997లో అమెరికాలో ఓ యువ పరిశోధకురాలు కోతి నుంచి కంట్లో పడ్డ తుంపరతో ఈ వైరస్ సోకి ప్రాణం కోల్పోయింది.

6. జంతువు చనిపోయినా అవకాశం కొన్ని గంటలు బతికే ఉంటుంది.

పశ్చిమ కనుమల సింగళీకాలు (సింహపు తోక కోతులు) అడవిలో 4,000 కన్నా తక్కువే మిగిలాయి. ఒకసారి ఒక జూలో మేలైన మగ సింగళీకం చనిపోయింది. మాకు కబురందేసరికి దహనం కూడా అయిపోయింది. దాని వంశం అక్కడితో తెగిపోయింది. జూలలో పనిచేసే యువ వైద్యులకు నా విన్నపం ఇది. అధికారుల అనుమతి ముందుగానే రాయించి పెట్టుకోండి. మగ కోతి చనిపోతే వృషణాలను, శుక్రకణాలు నిల్వ ఉండే ఎపిడిడిమిస్‌తో సహా తీసి, సెలైన్‌లో ఉంచి, మంచు నేరుగా తగలకుండా చల్లని పెట్టెలో పెట్టి అదే రోజు ప్రయోగశాలకు పంపండి. జంతువు వయసు, తల్లిదండ్రుల వివరం రాసిన చీటీ జతచేయడం మరవకండి.