అశ్వత్థామ నుంచి వాట్సాప్ దాకా: సగం నిజం చేసే హింస

ద్రోణపర్వం వీడియోలో టైం సరిపోక ఒక విషయం వదిలేశాం. దాన్ని ఈరోజు ఇక్కడ చూద్దాం.

కథ మీకు తెలిసిందే. ద్రోణాచార్యుణ్ణి ఎదురుగా నిలబడి గెలవడం పాండవుల వల్ల కాలేదు. భీముడు అశ్వత్థామ అనే ఏనుగును చంపి, అశ్వత్థామ చనిపోయాడని కేక పెట్టాడు. ద్రోణుడు నమ్మలేదు. ధర్మరాజును అడిగాడు. ఎందుకంటే ఆయన అబద్ధం ఆడడు. ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడని పైకి గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాటను మాత్రం వినపడకుండా గొణిగాడు. ద్రోణుడు అస్త్రాలు వదిలేశాడు. ధృష్టద్యుమ్నుడు ఆయన తల నరికాడు.

ఇక్కడ గమనించండి. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చివరి మాట వినపడలేదు, అంతే!

ఇప్పుడు 2018కి వద్దాం. ఆ ఏడాది మన దేశమంతా వాట్సాప్‌లో ఒక వీడియో తిరిగింది. బైక్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. చివర్లో వాళ్లు పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దింపేసి, జాగ్రత్త చెప్పే బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కత్తిరించేశారు.

ఫలితం ఏమిటి? 2018 మే నెలలో మన హైదరాబాద్ పాతబస్తీలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్న పుకారుతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురిని అలాగే చంపారు. వాళ్లెవరో తెలుసా? భిక్షాటనతో బతికే నాథ సంప్రదాయపు సంచార జాతివాళ్లు. గుమ్మం ముందుకు వస్తే దోసెడు బియ్యం వేసి పంపాల్సినవాళ్లు.

"రాయి విసిరింది మనిషి కదా, ఫోన్ ఏం చేసింది?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు గీత రెండో అధ్యాయంలో ఉంది. కోపం వల్ల మోహం, మోహం వల్ల స్మృతి చెదరడం, దానివల్ల బుద్ధి నాశనం అని కృష్ణ పరమాత్మ వరసగా చెప్పాడు. కత్తిరించిన వీడియో ఆ వరసలో మొదటి మెట్టు ఎక్కిస్తుంది. పిల్లల మీద భయం కోపంగా మారుతుంది. అదే వీడియో పది గ్రూపుల్లో కనబడితే, ఇంతమంది చెబుతున్నారు కాబట్టి నిజమే అనిపిస్తుంది. ఆ తర్వాత ఎదురుగా ఉన్నవాడు మనిషిలా కనపడడు. మరి చేసినవాడి పాపం తగ్గుతుందా? తగ్గదు. కానీ పంపినవాడికీ అందులో వాటా ఉంటుంది.

2018 జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ చేసేలా పరిమితి పెట్టింది. మంచిదే. కానీ యాప్ వేగాన్ని తగ్గించగలదు, వివేకాన్ని ఇవ్వలేదు. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఆధ్వర్యంలో పోలీసులు ఊరూరా తిరిగి, పాటలతో కూడా, అవి పుకార్లని జనానికి చెప్పారు. అబద్ధం ఊళ్లోకి వచ్చిన దారిలోనే నిజాన్నీ పంపారన్నమాట.

మరి మనం ఏం చేయాలి? గీత 17వ అధ్యాయం 15వ శ్లోకంలో వాక్కుతో చేసే తపస్సు గురించి ఉంది. ఫార్వర్డ్ నొక్కే ముందు దాన్నే నాలుగు ప్రశ్నలుగా వేసుకుందాం:

1. ఇది ఎదుటివారిని కంగారు పెట్టి ఉద్రేకపరుస్తుందా?
2. ఇది నిజమేనా? ముందు వెనకలు కత్తిరించలేదు కదా?
3. ఇందులో ఎవరినైనా నొప్పించే మాట ఉందా?
4. దీనివల్ల ఎవరికైనా మేలు జరుగుతుందా?

ఫ్యామిలీ గ్రూపులో బాబాయ్ గారో పెద్దమ్మో ఇలాంటిది పెడితే, అందరి ముందు తప్పు పట్టకండి. విడిగా ఫోన్ చేసి చెప్పండి. సత్యం ప్రియంగా ఉండాలంటే అర్థం అదే.

ధర్మరాజు రథం అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచేదట. ఆ సగం నిజంతో నేలను తాకింది. యుద్ధం కాబట్టి, కృష్ణుడు చెప్పాడు కాబట్టి అని మనం సమర్థించుకోవచ్చు. అయినా ఫలితం ఆగలేదు. తండ్రి చావుకు పగబట్టిన అశ్వత్థామ, నిద్రపోతున్న ధృష్టద్యుమ్నుణ్ణి, ద్రౌపది ఐదుగురు కొడుకులనూ చంపాడు. ధర్మరాజుకే తప్పలేదంటే, మనమెంత?

అందుకే తెలియక ఏదైనా పంపేసి ఉంటే, డిలీట్ చేసి ఊరుకోవద్దు. పంపిన ప్రతి చోటా అసలు విషయం రాయండి. 'ఏనుగు' అన్న మాటను ఈసారి గట్టిగా చెబుదాం.

జై శ్రీకృష్ణ!